చేతి గడియారంతో సహవాసం

నల్లగొండ జిల్లా నందికొండ వద్ద కృష్ణానదిపై కట్టదలచిన ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. నేటి నాగార్జునసాగర్ అదే. ఆరేండ్ల తరువాత, 1961లో, హిందుస్థాన్ మెషీన్ టూల్సు సంస్థ జపానులోని సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో చేతి గడియారాల కర్మాగారం నెలకొల్పింది. అక్కడ తయారైన తొలి వాచీలను విడుదల చేసింది కూడా నెహ్రూగారే. ఒకటి కొండల నడుమ లేచిన కట్టడం. రెండవది రూపాయి బిళ్ళంత యంత్రం. ఈ రెండింటికీ పోలిక ఎక్కడిది అని మీరు అడగవచ్చు. పోలిక ఉన్నది. రెండూ శక్తిని నిలవచేసి, ఒక్కసారిగా పోనివ్వక, లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా విడిచిపెట్టేవే.

ఆనకట్ట పని సాగిన ఆ రోజుల్లో చేతికి వాచీ ఉండటం ఒక హోదా. పెండ్లిలో అల్లునికి పెట్టే వస్తువులలో సైకిలు, రేడియోలతోపాటు వాచీ కూడా ఉండేది. అట్లా వచ్చిన హెచ్.ఎం.టి. జనతా వాచీలు ఇప్పటికీ ఎన్నో ఇండ్లలో బీరువా అరలలో కనబడతాయి. ఈనాడు కాలం చూసుకోవడానికి ప్రతివారి జేబులోనూ సెల్‌ఫోను ఉన్నది. అయినా తాతగారి వాచీని బాగుచేయించి పెట్టుకొనేవారున్నారు. లక్షల రూపాయలు పోసి స్విట్జర్లాండు వాచీ కొనుక్కొనేవారూ ఉన్నారు. ఆ లక్షలు దేనికి? సరియైన కాలం కోసమే అయితే, అయిదారు వందల రూపాయల క్వార్ట్‌జ్ వాచీ అంతకంటె సరిగా నడుస్తుంది. మరి ఖరీదైన యాంత్రిక గడియారం చేసే పని ఏమిటి? దీనికి సమాధానం అంగడిలో దొరికేది కాదు. వాచీని రోజూ పెట్టుకొని, ఎండలో వానలో తిరిగి, దాని నడక గమనిస్తేనే తెలుస్తుంది.

ముందుగా ఒక మాట. గడియారం అనే పేరే నీటికి సంబంధించినది. మన పూర్వులు రోజును 60 గడియలుగా విభజించారు. ఒక గడియ 24 నిమిషాలు. అడుగున సన్నని రంధ్రమున్న రాగిగిన్నెను నీటిపై వదిలితే, గడియ కాలంలో అది నిండి మునిగేది. దాని పేరు గడియకుడుక. సూర్యసిద్ధాంతంలో దాని ప్రస్తావన ఉన్నది. గిన్నె మునిగినప్పుడల్లా ఒకటి లెక్కవేయడం, మళ్ళీ తేల్చడం - ఇంతే దాని విధానం. ఒకే విధంగా జరిగే పనిని ఎన్నుకొని, అది ఎన్ని మార్లు జరిగిందో లెక్కపెట్టడమే కాలాన్ని కొలవడం. నేటికీ కాలాన్ని కొలిచే పద్ధతి ఇదే. గిన్నె స్థానంలో వేరొక వస్తువు వచ్చింది, అంతే.

వాచీ లోపల

వాచీకి కీ ఇచ్చినప్పుడు మనం చేసే పని మెయిన్ స్ప్రింగు అనే ఉక్కుపట్టీని ఒక చిన్న డబ్బాలో బిగుతుగా చుట్టడం. ఇదే వాచీకి జలాశయం. ఆ పట్టీ విప్పుకోవాలని చూస్తుంది, డబ్బా తిరుగుతుంది, దాని పళ్ళు వరుసగా కొన్ని చక్రాలను తిప్పుతాయి. వీటిలో ఒకటి గంటకొక చుట్టు, వేరొకటి నిమిషానికొక చుట్టు తిరుగుతాయి. అడ్డు లేకపోతే ఈ చక్రాలన్నీ గిర్రున తిరిగి కొద్ది క్షణాల్లో స్ప్రింగు వట్టిపోతుంది. తలుపులన్నీ ఒక్కసారి ఎత్తివేసిన జలాశయం గతే దానికీ పడుతుంది.

ఆ అడ్డు చివరి చక్రం వద్ద ఉంటుంది. లంగరు ఆకారంలో ఉన్న ఒక చిన్న మీట, తన రెండు కొనలకున్న కెంపురాళ్ళతో ఆ చక్రపు పళ్ళను ఒక్కొక్కటిగా ఆపుతూ వదులుతూ ఉంటుంది. మనకు వినిపించే టిక్ టిక్ శబ్దం ఆ పళ్ళు రాళ్ళకు తగిలే శబ్దమే. మీట ఎప్పుడు కదలాలో చెప్పేది తులాచక్రం. బాగుచేసేవారు బ్యాలెన్సు అంటారు. దాని ఇరుసుకు వెంట్రుక వంటి సన్నని చుట్టల స్ప్రింగు, అంటే హెయిర్ స్ప్రింగు, అమర్చి ఉంటుంది. చక్రం ఒకవైపు తిరిగితే ఈ స్ప్రింగు దానిని వెనక్కు లాగుతుంది. వెనక్కు వచ్చిన చక్రం ఆగక రెండవవైపు పోతుంది. గోడగడియారంలో భూమ్యాకర్షణ లోలకానికి చేసే సహాయాన్ని ఇక్కడ హెయిర్ స్ప్రింగు చేస్తున్నది. 1675లో హైగెన్సు ఈ ఏర్పాటును ప్రకటించిన తరువాతనే జేబుగడియారం నమ్మదగిన సాధనమైంది.

జలాశయంతో పోలిక ఇక్కడ కొంత తెగిపోతుందని విద్యార్థులకు చెప్పడం మంచిది. కాలువ తూము నీటిని ధారగా వదులుతుంది. వాచీలో విడుదల ధారగా కాదు, విడివిడి దెబ్బలుగా జరుగుతుంది. ప్రతి దెబ్బలోనూ మీట తులాచక్రానికి ఒక చిన్న తోపు ఇస్తుంది. ఘర్షణవల్ల పోయిన శక్తి అట్లా తిరిగి వస్తుంది. లెక్కపెట్టేదీ, లెక్కకు శక్తి నిచ్చేదీ ఒకే అమరిక. ఇంతటి తెలివి తూములో లేదు.

జనతా వాచీలో గంటకు 18,000 దెబ్బలు, అంటే సెకనుకు అయిదు. నేటి స్విస్ వాచీలలో చాలావాటికి గంటకు 28,800, రోజుకు 6,91,200, సంవత్సరానికి 25 కోట్లకు పైగా. ఇంత పనికీ కావలసిన శక్తి ఎంతో చూడండి. నిండా కీ ఇచ్చిన వాచీలో నిలవ ఉండేది సుమారు అర జౌలు. 50 గ్రాముల బరువును ఒక మీటరు ఎత్తుకు లేపితే అంత పని జరుగుతుంది. దానితోనే ఒకటిన్నర రోజులు నడుస్తుంది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలో 8 యూనిట్లున్నాయి. వాటిలో ఒక్కటి 100 మెగావాట్లతో పనిచేసేటప్పుడు ఒక్క సెకనులో ఇచ్చే శక్తి 20 కోట్ల వాచీలకు కీ ఇవ్వడానికి సరిపోతుంది. ఇంత కొద్ది శక్తితో నడిచే యంత్రాన్ని చిటికెడు దుమ్ము, ఎండిన చుక్క నూనె ఎందుకు ఆపివేస్తాయో ఇందువల్లనే తెలుస్తున్నది.

వాచీ మీద 17 జ్యూయెల్స్ అని ఉండటం చూసి, వజ్రాలున్నాయనుకొని మురిసిపోయేవారిని నేను చూశాను. అవి కృత్రిమంగా తయారుచేసిన కెంపులు. వాటి తయారీ విధానాన్ని వెర్నూయి అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1902లో ప్రకటించాడు. నాటినుంచి అవి చౌకే. ఇరుసుల కొనలు అరగకుండా, ఘర్షణ తక్కువగా ఉండేటందుకు మాత్రమే వాటిని వాడతారు.

మనిషి చేతిలో యంత్రం

తులాచక్రం ఒక డోలనానికి తీసుకొనే కాలం రెండింటిపై ఆధారపడుతుంది. ఒకటి చక్రపు జడత్వ భ్రామకం. రెండవది హెయిర్ స్ప్రింగు బిగువు. మొదటిది పెరిగితే వాచీ నిదానిస్తుంది. రెండవది పెరిగితే వేగిరపడుతుంది. సూత్రంలో ఇంకేమీ లేదు. చక్రం ఎక్కువ తిరిగినా తక్కువ తిరిగినా కాలం ఒకటే కావాలి. ప్రయోగశాల బల్లమీద ఇది చాలవరకు నిజం. వాచీ చేతికెక్కి నందికొండ ఎండలోకి బయలుదేరగానే చిక్కులు మొదలవుతాయి.

మొదటి చిక్కు శక్తి తగ్గడం. సాగర్ జలాశయం నిండినప్పుడు నీటిమట్టం 590 అడుగులు. 510 అడుగులకు దిగేటప్పటికి నీటి ఒత్తిడి ఎంతో పడిపోతుంది. మెయిన్ స్ప్రింగు కూడా అంతే. నిండుగా ఉన్నప్పుడు దాని తోపు బలంగా ఉండి తులాచక్రం విశాలంగా ఊగుతుంది. చివరకు వచ్చేసరికి ఊపు తగ్గుతుంది. ఊపు తగ్గితే ఆవర్తన కాలం కొద్దిగా మారుతుంది, ఎందుచేతనంటే నిజమైన స్ప్రింగు, నిజమైన ఇరుసు పుస్తకంలోని వాటివలె ఉండవు. కాబట్టి పెద్దలు రోజూ ఉదయం ఒకే వేళకు కీ ఇవ్వమనడంలో భౌతికశాస్త్రం ఉన్నది. 40 గంటలు నడిచే వాచీకి 24 గంటలకొకసారి కీ ఇస్తే స్ప్రింగు ఎప్పుడూ పైమట్టంలోనే పనిచేస్తుంది.

చేయి కదలికతో తనంతట తానే కీ తిరిగే ఆటోమేటిక్ వాచీకి ఈ బాధ లేదనుకొంటాం. లోపల ఒక అర్ధచంద్రాకారపు బరువు తిరుగుతూ స్ప్రింగును చుడుతుంది. కాని చేయి కదలాలి కదా! నల్లబల్ల మీద వ్రాసే చేయి ఒకటి, వాచీ ఉన్న చేయి వేరొకటి. పరీక్షల కాలంలో మూడుగంటలు కుర్చీలో కూర్చున్న ఉపాధ్యాయుని వాచీ, పొలంలో పనిచేసిన రైతు వాచీ ఒకే మట్టంలో ఉండవు.

రెండవది వేడి. ఉక్కు వేడెక్కితే దాని స్థితిస్థాపకత తగ్గుతుంది. హెయిర్ స్ప్రింగు మెత్తబడినట్లవుతుంది. మామూలు ఉక్కు స్ప్రింగున్న పాతకాలపు గడియారం, ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడికి రోజుకు సుమారు 11 సెకండ్లు వెనుకపడేది. 20 డిగ్రీల చలికాలపు రాత్రికీ 40 డిగ్రీల మే నెల మధ్యాహ్నానికీ మధ్య రోజుకు మూడున్నర నిమిషాలకు పైగా తేడా! మే నెలలో 40 డిగ్రీలు దాటే నల్లగొండలో అటువంటి గడియారం ఎందుకు? ఈ చిక్కును విప్పినవాడు షార్ల్ గియోమ్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు. అతడు 1896లో ఇన్వార్ అనే నికెలు, ఇనుముల మిశ్రలోహాన్ని కనుగొన్నాడు. అది వేడికి దాదాపు వ్యాకోచించదు. తరువాత ఎలిన్వార్ అనే మరొక లోహాన్ని తయారుచేశాడు. వేడివల్ల దాని స్థితిస్థాపకత దాదాపు మారదు. 1920లో అతనికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. నేటి హెయిర్ స్ప్రింగులలో ఎక్కువభాగం ఆ వంశానివే. ఇక మన శరీరం చేసే మేలు ఒకటున్నది. చేతికి ఉన్నంతసేపు వాచీని మన చర్మం దాదాపు ఒకే వేడిమిలో ఉంచుతుంది. మోటారు సైకిలు పెట్టెలోనో, ఎండలో నిలిపిన కారులోనో వదిలిన వాచీకి ఆ రక్షణ లేదు.

మూడవది భూమ్యాకర్షణ. వాచీ వెల్లకిల ఉన్నప్పుడు తులాచక్రపు ఇరుసు తన కొనమీద నిలబడి బొంగరంలా తిరుగుతుంది, ఘర్షణ తక్కువ. చేయి వేలాడవేసినప్పుడు ఇరుసు పక్కకు పడుకొని, ప్రక్కలు రాళ్ళకు రాసుకొంటాయి; ఊపు తగ్గుతుంది. దీనికితోడు చక్రపు గరిమనాభి సరిగ్గా ఇరుసుమీద లేకపోతే, ఏ వైపు క్రిందికి ఉన్నదాన్నిబట్టి నడక మారుతుంది. బ్రెగే అనే గడియారకారుడు 1801లో పేటెంటు పొందిన టూర్బిల్లాన్ అనే ఏర్పాటు ఇందుకే: తులాచక్రాన్ని దాని మీటతో సహా ఒక పంజరంలో పెట్టి నెమ్మదిగా త్రిప్పుతూ ఉంటే తప్పులు ఒకదానినొకటి కొట్టివేస్తాయి. జేబులో నిట్టనిలువుగా ఉండే గడియారానికి అది అవసరమే. ఎప్పుడూ కదిలే చేతికి అది అవసరం కంటె ఆడంబరం అని నా అభిప్రాయం; నేటి వాచీల ధరలను మాత్రం లక్షలలో పెంచుతున్నది.

నాల్గవది అయస్కాంతం, ఈ రోజుల్లో అన్నిటికంటె ఎక్కువ బాధించేది ఇదే. హెయిర్ స్ప్రింగు అయస్కాంతీకరణ పొందితే దాని చుట్టలు ఒకదానికొకటి అంటుకొంటాయి. పనిచేసే పొడవు తగ్గి, బిగువు పెరిగి, వాచీ రోజుకు కొన్ని నిమిషాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువగా ముందుకు పరుగెత్తుతుంది. పూర్వం విద్యుత్కేంద్రాలలో జనరేటర్ల వద్ద పనిచేసే ఇంజనీర్లకు ఈ కష్టం ఉండేది. 1955లో, అంటే నందికొండలో శంకుస్థాపన జరిగిన ఏడాదే, ఐ.డబ్ల్యు.సి. అనే స్విస్ కంపెనీ 'ఇంజనీర్' అనే అర్థం వచ్చే పేరుతోనే ఒక వాచీని తెచ్చింది. యంత్రం చుట్టూ మెత్తని ఇనుపగూడు ఉంచితే బయటి అయస్కాంత బలరేఖలు గూటిలోనుంచే పోయి, లోపలికి రావు. ఇప్పుడు విద్యుత్కేంద్రం దాకా పోనక్కరలేదు. సెల్‌ఫోను లౌడ్‌స్పీకరు, చేతిసంచి బొత్తాము, ఫోను కవరు మూత - వీటన్నిటిలోనూ అయస్కాంతాలే. వాచీ హఠాత్తుగా వేగిరపడితే ముందు దిక్సూచి ప్రక్కన పెట్టి చూడండి. ముల్లు వణికితే దోషం తెలిసినట్లే. ఏకాంతర విద్యుత్తు పారే తీగచుట్టలో పెట్టి మెల్లగా దూరంగా తీస్తే అయస్కాంతం పోతుంది. బాగుచేసేవారికి ఇది ఒక నిమిషం పని.

నీటి సంగతి క్లుప్తంగా చెబుతాను. వాచీ వెనుక 30 మీటర్లు అని ఉన్నదని జలాశయంలో దూకవద్దు. అది కొత్త వాచీని కదలక ఉంచి చేసే ఒత్తిడి పరీక్షకు సంబంధించిన అంకె. లోపలి రబ్బరు వలయాలు చెమటకు, ఎండకు కొన్నేండ్లలో గట్టిపడతాయి. చేతులు కడుక్కొన్నప్పుడు పడే నీళ్ళకు మాత్రమే ఆ హామీ అనుకోవాలి.

తప్పు కంటె నిలకడ ముఖ్యం

క్వార్ట్‌జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 మార్లు కంపిస్తుంది. మామూలు రకానిదైనా నెలకు 15 సెకండ్లకు మించి తప్పదు. స్విట్జర్లాండులో క్రోనోమీటరు అనే బిరుదు పొందడానికి యాంత్రిక గడియారానికి 15 రోజులు, అయిదు స్థితులలో, 8, 23, 38 డిగ్రీల వేడిమిలో పరీక్ష పెడతారు. సగటున రోజుకు 4 సెకండ్ల వెనుకకూ, 6 సెకండ్ల ముందుకూ మధ్య ఉండాలి. పందెం ఎవరు గెలిచారో స్పష్టమే. అయితే రోజుకు 5 సెకండ్లు అంటే 17,280లో ఒకటి. ఒకటిన్నర కిలోమీటర్లకు దగ్గరగా ఉండే సాగర్ రాతికట్టను కొలిచి జానెడు కూడా తప్పకపోవడం వంటిది. కీలు, చక్రాలు, చుక్క నూనెతో ఇది సాధించడం సామాన్యం కాదు.

అయినా అసలు విషయం ఇది కాదు. గడియారం తప్పు నడవటం ఒక లోపం. ఎంత తప్పు నడుస్తుందో తెలియకపోవడం అంతకంటె పెద్ద లోపం. హారిసన్ అనే ఆంగ్లేయుడు 1759లో పూర్తిచేసిన గడియారాన్ని 1761-62లో ఓడమీద జమైకాకు తీసుకొనిపోయారు. రెండు నెలలకు పైబడిన ఆ ప్రయాణంలో అది సుమారు 5 సెకండ్లే తప్పినట్లు చెబుతారు. నిజానికి అది రోజూ రెండున్నర సెకండ్లకు మించి వెనుకపడుతూనే ఉన్నది. ఆ వెనుకబాటు నిలకడగా ఉన్నందున, దానిని లెక్కకట్టి సవరించగా మిగిలింది 5 సెకండ్లు. భూమధ్యరేఖ వద్ద 4 సెకండ్ల తప్పు సుమారు 1.85 కిలోమీటర్ల తప్పు. నావికులకు కావలసింది తప్పని గడియారం కాదు, నిలకడగా తప్పే గడియారం.

మంచి యాంత్రిక వాచీకి పెట్టే డబ్బులో న్యాయమైన భాగం ఈ నిలకడకే. వెల్లకిల పెట్టినా నిలువుగా పెట్టినా, నిండుగా ఉన్నా సగమున్నా, నడక కొద్దిగానే మారేటట్లు చక్రాన్ని తూచి, స్ప్రింగును సరిచేయడానికి నిపుణుని గంటలు ఖర్చవుతాయి. తక్కినది బంగారానికి, మెరుగుకు, పేరుకు. కొనేవారు ఏ భాగానికి ఎంత ఇస్తున్నారో తెలుసుకొని కొంటే మనకేమీ అభ్యంతరం లేదు.

ఈ నిలకడను విద్యార్థులు పైసా ఖర్చు లేకుండా కొలవవచ్చు. ఇంట్లో ఉన్న, నడుస్తున్న ఏదైనా కీ వాచీ చాలు. రోజూ ఉదయం కీ ఇచ్చిన వెంటనే, తనంతట తానే సరిచేసుకొనే సెల్‌ఫోను కాలంతో పోల్చి, ఎన్ని సెకండ్లు ముందున్నదో వ్రాసుకోండి. ముళ్ళను మాత్రం ముట్టవద్దు. ఉదాహరణకు వరుసగా నాలుగు రోజులు 12, 19, 25, 33 సెకండ్లు వచ్చాయనుకొందాం. వాచీ 33 సెకండ్లు తప్పిందని కాదు చూడవలసింది. రోజువారీ తేడాలు 7, 6, 8. సగటు 7, దానినుంచి అటూ ఇటూ ఒక్క సెకండు. ఇది మంచి వాచీ. మరొక వాచీకి తేడాలు 1, మైనస్ 9, 11 అని వస్తే, సగటు ఒక్క సెకండే అయినా అది నమ్మదగినది కాదు. క్రమదోషానికీ యాదృచ్ఛిక దోషానికీ ఉన్న భేదాన్ని నల్లబల్ల మీద గంటసేపు చెప్పినదానికంటె ఈ నాలుగు అంకెలు బాగా చెబుతాయి.

తరువాత వారం రాత్రిపూట వాచీని వెల్లకిల పెట్టి, ఆ పై వారం కీ ఉన్న ప్రక్క క్రిందికి వచ్చేటట్లు నిలబెట్టి, ఇదే పట్టీ వ్రాయండి. చాలా వాచీలు ఒక స్థితిలో ముందుకు, ఇంకొక స్థితిలో వెనక్కు పోతాయి. పగలు చేతిమీద వచ్చిన తేడాను రాత్రి పడుకోబెట్టే తీరుతో సరిచేసుకోవడం వాచీదారులకు తెలిసిన పాత ఉపాయం. ఇంకొక సంగతి: వాచీని ఎంత సరిచేసినా నందికొండ సూర్యుడు దానితో ఏకీభవించడు. మన ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. సాగర్ ఉన్నది 79 డిగ్రీల 19 నిమిషాల దగ్గర. అందుచేత అక్కడి స్థానిక కాలం వాచీకంటె సుమారు 13 నిమిషాలు వెనుక.

ఇక బీరువా అరలోని వాచీల మాట. హెచ్.ఎం.టి. వాచీల సంస్థ మూసివేతకు కేంద్రప్రభుత్వం 2016లో నిర్ణయం తీసుకొన్నది. పాత విడిభాగాలు పాత వాచీలనుంచి తీసినవే. కంటికి భూతద్దం బిగించుకొని పనిచేసేవారు ఊరికొకరు కూడా మిగలడం లేదు. వారి పిల్లలు ఆ పని నేర్చుకోవడం లేదు. ఇది చిన్న నష్టమేమీ కాదు. తులాచక్రపు ఇరుసు కొన ఒక మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే. దానిని పాడుచేయక నూనె పెట్టగల చేయి ఏండ్ల తరబడి సాధనతో వస్తుంది. మరొకవైపు పాత డయళ్ళకు కొత్తరంగులు వేసి, నాలుగు వాచీల భాగాలు కలిపి, అసలు సరుకని అమ్మేవారు బాగా పెరిగారు.

ఇరవై ఏండ్లుగా ఆగి ఉన్న వాచీ దొరికితే మనం మొట్టమొదట చేసే పని కీ ఇచ్చి చూడటం. అది నడిస్తే సంతోషించి చేతికి పెట్టుకొంటాం. అప్పుడే దానికి ఎక్కువ హాని జరుగుతుంది. లోపలి నూనె ఎండి బంకగా మారి ఉంటుంది. దుమ్ముతో కలిసిన ఆ బంక ఇరుసు కొనలను సానపట్టినట్లు అరగదీస్తుంది. ముందు విప్పించి, కడిగించి, కొత్త నూనె వేయించాలి. రోజూ వాడే వాచీకైనా నాలుగైదేండ్లకొకసారి ఇది తప్పదు. శుభ్రమై వచ్చిన వాచీ నడకను బాగుచేసినవారు ఒకసారి సరిచేసే ఇస్తారు, అయినా మొదటి కొద్ది రోజులు చేతిమీద అది కొంత మారుతూ ఉంటుంది. ఒక వారం వరకు ఏ సవరణా అడగక, పైన చెప్పిన పట్టీని వ్రాసి, ఆ అంకెలను తీసుకొని పోయి చూపండి. ఎటువైపు, ఎంత సరిచేయాలో వారికి వాటినిబట్టి తెలుస్తుంది.